కారుతున్న పెంకుటిల్లు: మరమ్మతా, తిరగనేతా, స్లాబా?

మృగశిర కార్తె ప్రవేశించి తొలి వాన గట్టిగా కురిసిన రాత్రి పాత పెంకుటింట్లో గిన్నెలకు పని పెరుగుతుంది. ఒకటి మంచం పక్కన, ఒకటి బియ్యపు డబ్బా దగ్గర, మరొకటి జానిమాజ్ పరచుకునే మూలన. తెల్లవారగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. పగిలిన పెంకులు నాలుగు మార్పిస్తే ఈ ఏడు గడిచిపోతుందని తల్లి అభిప్రాయం. ఏటేటా అతుకులు వేయించడం కన్నా మొత్తం తీసివేసి స్లాబు పోయించడం మేలని పట్నంలో ఉద్యోగం చేస్తున్న కుమారుని వాదన. అత్తవారింట ఉన్న కుమార్తె ఇద్దరి మాటా వింటుంది గాని, ఆ ఇంటిలో తనకూ భాగం ఉన్న సంగతి ఎవరూ ప్రస్తావించరు.

వర్షాకాలానికి ముందు వేలాది తెలుగు ముస్లిమ్ కుటుంబాలు ఎదుర్కొనే సమస్య ఇది. అందరూ చూసేది పెంకు వైపే. కాని పాత కప్పు విషయంలో నిర్ణయం పెంకును చూసి చేయదగినది కాదు. పెంకు కింద ఉన్న కొయ్యను, కొయ్య కింద ఉన్న గోడను, ఆ గోడల మధ్య హక్కు కలిగిన మనుషులను చూసి చేయవలసిన నిర్ణయమది.

పెంకు ఆయుష్షు ఎంత?

మన ప్రాంతంలో పాత ఇళ్ళ మీద రెండు రకాల పెంకులు కనిపిస్తాయి. కుమ్మరి సారె మీద చేసి కాల్చిన గూన పెంకులు మొదటి రకం. యంత్రంతో అచ్చువేసి, ఒకదాని అంచులో మరొకటి కూర్చునేలా తయారుచేసిన పెద్ద పెంకులు రెండవ రకం. వీటిని మనం బెంగుళూరు పెంకులని పిలుచుకున్నా, వాటి పుట్టిల్లు మంగుళూరు. అక్కడ నేత్రావతి నది ఒడ్డు మట్టితో బాసెల్ మిషన్ వారు 1865లో పెంకుల కార్ఖానా నడపడం ఆరంభించారు. ఆ నమూనానే తరువాత దక్షిణ భారతమంతటా వ్యాపించింది.

బాగా కాలిన పెంకు ఎండకు, వానకు తరాల తరబడి తట్టుకుంటుంది. దానిని చంపేవి వేరే ఉన్నాయి. మొదటిది కోతి. గుంపుగా వచ్చి పెంకులు ఎత్తి చూసి జారవిడిచే కోతుల వల్ల అనేక గ్రామాల్లో చక్కని కప్పులు పాడయ్యాయి. రెండవది కప్పు మీద నడిచే మనిషి పాదం. టీవీ తీగ సరిచేయడానికి ఎక్కినవాడు ఒక చినుకును ఆపబోయి పది చినుకులకు దారి చేస్తాడు. మూడవది ఇంటి మీదికి వంగిన చెట్టు. రాలిన ఆకు పెంకు కాలువల్లో కుళ్ళి, నీటిని నిలవేసి, పక్కకు మళ్ళిస్తుంది.

పెంకు బాగున్నదో లేదో తెలుసుకోవడానికి రెండు సులభ పరీక్షలున్నాయి. ఒక పెంకును చేత పట్టుకొని వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగితే ఆరోగ్యంగా ఉన్నట్లు. డొల్ల శబ్దం వస్తే లోపల బీట ఉన్నట్లు. రెండవ పరీక్షకు కప్పు మీద వేర్వేరు చోట్ల నుండి నాలుగైదు పెంకులు తీసి, ఆరబెట్టి, తూచి, ఒక పగలూ రాత్రీ నీటిలో నానబెట్టి మళ్ళీ తూచండి. రెండున్నర కిలోల పెంకు తడిసిన తరువాత మూడు కిలోలు దాటితే, అది తన బరువులో అయిదో వంతుకు మించి నీరు తాగుతున్నదన్నమాట. అటువంటి పెంకు పగలకపోయినా కింది కొయ్యను నిత్యం తేమగా ఉంచుతుంది.

కొయ్యను చూడండి

పట్టపగలు అటక ఎక్కి, దీపం వెలిగించకుండా కాసేపు కూర్చోండి. ఎండ చుక్కలు ఎక్కడెక్కడ లోపలికి వస్తున్నాయో సుద్దతో గుర్తు పెట్టండి. నీరు పడే చోటు, కప్పు చిల్లుపడిన చోటు ఒకటి కావు. పైన దూరిన చినుకు రీపరు వెంట, వాసం వెంట చాలా దూరం జారి ఎక్కడో బొట్టుగా రాలుతుంది. కాబట్టి గిన్నె పెట్టిన చోటికి సరిగ్గా పైన పెంకు మార్పిస్తే ప్రయోజనం ఉండకపోవచ్చు. అక్కడి నుండి కొప్పు వైపుకు వెతుక్కుంటూ పోవాలి.

తరువాత సన్నని స్క్రూడ్రైవరుతో రీపర్లను, వాసాల చివరలను, దూలం గోడలోకి దిగిన చోటును పొడిచి చూడండి. పావు అంగుళానికి మించి సులభంగా దిగబడితే ఆ కొయ్య పుచ్చినట్లే. నేల మీద సన్నని పిండి రాలి ఉంటే పురుగు తొలుస్తున్నది. గోడ వెంట మట్టి గీతలు పైకి పాకి ఉంటే చెదలు చేరాయి. కప్పులో అన్నిటికంటే ముందు చెడేవి రెండు చోట్లు: చూరు వద్ద వాసాల చివరలు, గోడలో పూడుకుపోయిన దూలపు తలలు. నడుమ భాగం ఇనుములా ఉన్నదని మేస్త్రీ చూపించినా ఈ రెండింటినీ మీరు స్వయంగా పరీక్షించాలి. చేవదేలిన ముదురు తాటి వాసాలు, టేకు దూలాలు ఇప్పటికీ గట్టిగా ఉండడం అరుదు కాదు. అలాంటి కొయ్యను వంటచెరకు ధరకు అమ్ముకోవడం కన్నా దుబారా మరొకటి ఉండదు.

ఇక వీధికి అవతల నిలబడి కొప్పు గీతను చూడండి. ఈ చివరి నుండి ఆ చివరికి తాడు లాగి కట్టినట్లు తిన్నగా ఉంటే మంచిది. నడుమ ఉయ్యాలలా దిగి ఉంటే దూలమో, దానిని మోసే కొయ్యో అలసిపోయింది.

కప్పు వాలును కూడా కొలవండి. ఈ పెంకులకు పది అడుగుల అడ్డానికి సుమారు అయిదు అడుగుల ఎత్తు ఉండే వాలు అనుకూలం. ఖర్చు తగ్గుతుందని వాలు బాగా తగ్గించి కట్టిన కప్పు కొత్త పెంకు వేసినా కారుతుంది. గాలివానలో నీరు పెంకుల అతుకుల్లోకి ఎదురు ఎక్కుతుంది.

గోడను చూడండి

స్లాబు ఆలోచన ఉన్నవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల ఇంటిని ఊహించుకుందాం. నాలుగు వైపులా రెండేసి అడుగుల చూరుతో, పైన చెప్పిన వాలుతో రెండు వాలుల కప్పు వేస్తే దాని వైశాల్యం సుమారు 910 చదరపు అడుగులు. వంద చదరపు అడుగులకు 150 పెంకుల లెక్కన దాదాపు 1,370 పెంకులు పడతాయి. పెంకు రెండున్నర కిలోల చొప్పున వాటి బరువు సుమారు మూడున్నర టన్నులు. కొయ్య బరువు, వాన తడి వేరుగా కలుపుకోవాలి.

అదే ఇంటి మీద చూరు లేకుండా, అయిదు అంగుళాల మందంతో స్లాబు పోస్తే, ఘనపు మీటరు కాంక్రీటు రెండున్నర టన్నుల చొప్పున, ఆ బరువు పదిహేడు టన్నులు దాటుతుంది. దాని మీద వేసే పూత, నీళ్ళ ట్యాంకు, పెళ్ళి రోజున డాబా ఎక్కే బంధువులు దీనికి అదనం. మన తాతలు మట్టితోనో, మట్టి అడుసులో పేర్చిన ఇటుకతోనో కట్టిన గోడలు మూడున్నర టన్నుల పెంకును మోయడానికి కట్టినవి. వాటి మీద దానికి అయిదింతల బరువు పెట్టడం అందులో నిద్రించేవారి ప్రాణాలతో పరాచకమాడడమే అవుతుంది. స్లాబు కావాలంటే పునాది, స్తంభాలు, దూలాలు కొత్తగా రావాలి. అంటే అది కప్పు మార్చడం కాదు, కొత్త ఇల్లు కట్టడం. ఖర్చును కూడా కొత్త ఇంటి ఖర్చుగానే లెక్కించుకోవాలి. గోడలు సిమెంటుతో కట్టినవైనా, ఇంజినీరు వచ్చి పునాది తవ్వి చూసి వ్రాతపూర్వకంగా చెప్పే వరకు వాటి మీద స్లాబుకు ఒప్పుకోవద్దు.

గోడ ఆరోగ్యం తెలుసుకోవడానికి మేస్త్రీ తూకంగుండు చాలు. గోడ పొట్ట ముందుకు వచ్చిందా, పక్కకు ఒరిగిందా అన్నది తెలిసిపోతుంది. మూలల్లో ఏటవాలుగా బీటలుంటే, బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల సున్నపు పట్టీ పూసి తేదీ వ్రాసి పెట్టండి. రెండు మూడు నెలల్లో పట్టీ చిట్లితే గోడ ఇంకా కదులుతున్నది. కదులుతున్న గోడ మీద ఏ కప్పు మరమ్మతూ నిలవదు.

మూడు దారులు

ఇన్ని చూసిన తరువాత నిర్ణయం దానంతట అదే తేలుతుంది.

కొప్పు తిన్నగా ఉండి, కొయ్య గట్టిగా ఉండి, పదింట ఒక పెంకుకు మించి పాడు కాకపోతే మరమ్మతు చాలు. ఇందులో జాగ్రత్త ఒకటుంది. వేర్వేరు కార్ఖానాల పెంకుల అచ్చు ఒకటిగా ఉండదు. కొత్త పెంకు పాతదాని అంచులో కూర్చోక సందు వదులుతుంది. అందుచేత వెనుక వాలు నుండి మంచి పాత పెంకులు తీసి ముందు వాలులోని ఖాళీలు నింపి, వెనుక ఒకే చోట వరుసగా కొత్తవి పరచడం తెలిసినవారి పద్ధతి. పగిలిన పెంకు మీద సిమెంటు పులమడం మరమ్మతు కాదు. ఒక ఎండాకాలం గడిచేసరికి ఆ సిమెంటు విడిపోయి, ఆ సందులో నీరు నిలుస్తుంది. పాత కప్పుకు ఎర్ర రంగు వేస్తే కొత్త కళ వస్తుంది గాని బీటలు మూసుకోవు. రంగు వేసేవారు కప్పంతా తొక్కి తిరగడం వల్ల కొత్త బీటలు పడే ప్రమాదమూ ఉన్నది.

పెంకులు విరివిగా జారి, రీపర్లు పుచ్చి, వాసాలు దూలాలు మాత్రం బాగుంటే తిరగనేత సరైన దారి. అంటే పెంకంతా దించి, తట్టి చూసి ఏరి, కడిగి, పుచ్చిన రీపర్లు తీసి, కొయ్యకు చెదల మందు పట్టించి, మళ్ళీ మొదటి నుండి నేయించడం. చాలా పాత ఇళ్ళకు అవసరమైనది ఇదే. అయినా దీనిని సూచించే మేస్త్రీలు తక్కువ. నిదానంగా సాగే ఈ పనిలో వారికి మిగిలేదీ తక్కువే. కొప్పు పెంకులను ఉత్త సిమెంటుతో గట్టిగా బిగిస్తే ఎండకు కొయ్య సాగినప్పుడల్లా అతుకు చిట్లుతుంది. సున్నం కలిపిన మిశ్రమం కొంత ఓర్చుకుంటుంది. పెంకు కింద ప్లాస్టిక్ పట్టా పరచమని కొందరు సలహా ఇస్తారు. గాలి ఆడే సందు వదలకుండా కొయ్యకు అంటించి పరిస్తే తేమ బయటికి పోయే దారి లేక కొయ్య కుళ్ళుతుంది. కోతుల బెడద ఉన్న ఊళ్ళో పెంకు మీద ఇనుప వల బిగించే ఖర్చును కూడా ఈ లెక్కలోనే కలుపుకోండి.

దూలాలే చెడి, గోడలు మాత్రం నిటారుగా ఉంటే కొయ్యకు బదులు ఇనుప గొట్టాల చట్రం వేసి, మంచి పెంకునే తిరిగి దానిపై పరచవచ్చు. చెద పట్టదు, గోడ మీద బరువు పెరగదు. తుప్పు పట్టకుండా రంగు వేస్తూ ఉండాలి. రేకులు ఎంచుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రేకు తేలిక గనుక గాలికి లేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖ ప్రాంతం వారికి ఇది వివరించనక్కరలేదు. చట్రాన్ని గోడకు, రేకును చట్రానికి దగ్గర దగ్గరగా బిగించాలి. రెండవది వేడి, కింద సీలింగు లేకపోతే మే నెల మధ్యాహ్నం ఇంట్లో వృద్ధులు, పసిపిల్లలు ఉండలేరు. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల జోలికి పోకపోవడం మంచిది. వాటిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, విరిచినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది. ఇప్పటికే ఉన్నవాటిని తీయవలసివస్తే నీటితో తడిపి, విరగకుండా, పిల్లలను దూరంగా పంపి తీయించండి.

గోడలే ఒరిగి, పునాది కుంగితే మాత్రం మమకారం పక్కన పెట్టి కొత్త ఇంటి గురించే ఆలోచించాలి. అది ఓటమి కాదు. తాతగారి టేకు దూలం కొత్త ఇంట్లో ద్వారబంధంగా, పుస్తకాల బీరువాగా బ్రతుకుతుంది.

ఈ ఇల్లు ఎవరిది?

మేస్త్రీ అడగని ప్రశ్న ఇది. కుటుంబాలు విడిపోవడానికి కారణమయ్యే ప్రశ్న కూడా ఇదే. తండ్రి మరణించి ఏళ్ళు గడిచినా ఇల్లు ఆయన పేరుతోనే ఉంటుంది. ఒక కుమారుడు తన సంపాదనతో స్లాబు వేయిస్తాడు. పదేళ్ళ తరువాత, ఖర్చంతా నాదే కాబట్టి ఇల్లు నాదేనంటాడు. చెల్లెలు అడగడానికి మొహమాటపడుతుంది. అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనని భయపడుతుంది.

లెక్క చాలా స్పష్టమైనది. అప్పులు, వీలునామా చెల్లించిన తరువాత భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మాత్రమే వారసులుగా మిగిలితే, ఇంటిని 40 భాగాలనుకోండి. తల్లికి 5, కుమారులకు 14 చొప్పున 28, కుమార్తెకు 7. పెంకు మార్చినంత మాత్రాన ఈ అంకెలు మారవు. వారసులు వేరుగా ఉంటే లెక్క వేరుగా ఉంటుంది గనుక ధర్మపండితుణ్ణి, న్యాయవాదిని సంప్రదించండి. ఆ తరువాత ఒక కాగితం మీద నాలుగు మాటలు వ్రాసుకోండి: ఎవరి భాగం ఎంత, కప్పుకు ఎవరు ఎంత పెడుతున్నారు, ఆ సొమ్ము అప్పా, కానుకా, తల్లి ఉన్నంత కాలం ఇంట్లో ఎవరుంటారు. అందరూ సంతకాలు చేసే వరకు ఒక్క పెంకు కూడా దించవద్దు. చిన్న మరమ్మతుకు ఇంత తతంగం అక్కరలేదు. కప్పు మార్చాలనుకున్నప్పుడు మాత్రం ఇది లేకుండా అడుగు వేయకూడదు.

డబ్బు విషయంలో తిరగనేతకు గల సౌలభ్యాన్ని చాలామంది గమనించరు. దానిని విడతలుగా చేయించవచ్చు. ఈ ఏడాది పడమటి వాలు, వచ్చే ఏడాది తూర్పు వాలు, ఆపైన వసారా. చేతిలో ఉన్నంత సొమ్ముతో పని ఆపవచ్చు. స్లాబును సగం పోసి ఆపలేము. ఇంటిని విప్పిన తరువాత డబ్బు చాలకపోతే వడ్డీ వ్యాపారి గుమ్మం తప్ప మరో దారి కనిపించదు. వడ్డీకి దూరంగా బ్రతకాలని సంకల్పించుకున్న కుటుంబం కప్పు రకాన్ని ఎంచుకునేటప్పుడే ఈ సంగతి ఆలోచించాలి.

పని మొదలయ్యాక

ఏప్రిల్, మే నెలల్లో పని పూర్తికావాలి. మట్టి గోడల మీద కప్పు తీసి ఉంచిన రాత్రి ఒక్క వాన చాలు, గోడ కరిగిపోవడానికి. కాబట్టి ఒక వాలు నేయడం పూర్తయ్యాకే రెండవ వాలు విప్పించండి. సాయంత్రం కూలీలు వెళ్ళే ముందు టార్పాలిన్ కట్టించండి. పాత కరెంటు తీగలు రీపర్ల వెంట పోతుంటే మెయిన్ స్విచ్ ఆపకుండా ఎవరినీ పైకి ఎక్కనివ్వవద్దు. ఎలుకలు కొరికిన తీగలు మార్పించడానికి ఇదే అదను. పెంకు మీద నేరుగా నడవకుండా నిచ్చెన బల్ల వేసుకోమనండి. పనివాని నడుముకు తాడు ఉన్నదో లేదో చూసుకోవడం కూడా ఇంటి యజమాని బాధ్యతే. రోజు కూలికా, మొత్తం గుత్తకా, దించిన పాత పెంకు, కొయ్య ఎవరివి అన్నది ముందే మాట్లాడుకోండి. పని ముగిశాక యాభై మంచి పెంకులు గోడ వారగా పేర్చి దాచుకోండి. అయిదేళ్ళ తరువాత అదే అచ్చు దొరుకుతుందన్న హామీ లేదు.

మేస్త్రీని పిలిచే ముందు కుటుంబమంతా కూర్చుని ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు వ్రాసుకోండి. పదింట ఎన్ని పెంకులు పాడయ్యాయి? వాసాల చివరలు, దూలపు తలలు గట్టిగా ఉన్నాయా? గోడ కదులుతున్నదా? అప్పు చేయకుండా ఎంత ఖర్చు పెట్టగలం? ఇంటిలో ఎవరెవరికి భాగముంది, వారందరూ ఒప్పుకున్నారా? చివరి ప్రశ్నకు జవాబు కోసం అత్తవారింట ఉన్న కుమార్తెకు కూడా ఫోను చేయండి. ఆ ఇంట్లో రోజూ ఉండేది తల్లి గనుక, అందరి మాటా విన్న తరువాత ఆఖరున ఆమె ఏమంటారో అడగండి.